అదో టైపు మనిషి, ఒక అమెరికా ప్రేమ నవల

మా ఆయన గురించి రాస్తున్నానని ఆయనకు చెప్పే రాస్తున్నాను. "లెక్కలు మాత్రం తప్పు రాయకు" అన్నారు. అంతకు మించి అభ్యంతరం లేదు. అందుకని ముందు లెక్కలు: పెళ్ళయి 7 ఏళ్ళు, పాపకు 5, పుస్తకం ఖరీదు 120 రూపాయలు, చదవడానికి పట్టింది 19 రోజులు.

నేను ప్రేమ నవలలు చదువుతాను. దాచుకోవాల్సిన పనేం లేదు గానీ, ఆ మాట అనగానే కొంతమంది మొహంలో ఒక నవ్వు వస్తుంది చూశారూ, పప్పులో ఉప్పు ఎక్కువైతే చుట్టాలు నవ్వే నవ్వు, అది వస్తుంది. రానివ్వండి. మా అమ్మ వారపత్రికల్లో సీరియళ్ళు చింపి, సూదీదారంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసి దాచేది. నా ఎండాకాలం సెలవులన్నీ ఆ కుట్టు పుస్తకాలతోనే గడిచాయి. ఎక్కడో మధ్యలో ఒక వారం తప్పిపోయేది. ఆ వారం హీరో ఏం చేశాడో ఇప్పటికీ తెలియని కథలు నాకు నాలుగైదున్నాయి.

ఈసారి జనవరిలో బెజవాడ పుస్తకాల పండక్కి పొద్దున్నే ప్యాసింజరెక్కి వెళ్ళాను. పండగలో కొన్నవి రెండే. తిరిగొచ్చేటప్పుడు లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్ల దగ్గర ఆగాను, సంచీ అక్కడ నిండింది. ఎటు చూసినా గ్రూప్స్ గైడ్లు, డీఎస్సీ గైడ్లు, నీట్ గైడ్లు గుట్టలు గుట్టలు. ఇంగ్లీషు నవల కావాలంటే వాటి అడుగు నుంచి లాగాలి. నేనొకటి లాగితే పైనున్న గైడ్లు నాలుగు జారి పక్కనాయన కాళ్ళ మీద పడ్డాయి. కొట్టబ్బాయి అట్ట చూసి, "అది లవ్ స్టోరీ మేడమ్" అన్నాడు, హెచ్చరించినట్టు. "అందుకే ఇవ్వు" అన్నాను.

హెలెన్ హోయాంగ్ రాసిన 'ది బ్రైడ్ టెస్ట్' అది. 2019లో వచ్చింది. నాది తెలుగు మీడియం చదువు కాబట్టి ఫోన్లో డిక్షనరీ పక్కన పెట్టుకుని, పాప పడుకున్నాక రోజుకు పదిహేను ఇరవై పేజీలు చదివేదాన్ని. మొదటి రాత్రే తెలిసిపోయింది, ఇది నేననుకున్న పుస్తకం కాదని.

కథేంటంటే, కాలిఫోర్నియాలో ఖాయ్ అనే కుర్రాడు. వియత్నాం నుంచి వెళ్ళి స్థిరపడిన కుటుంబం. పన్నుల లెక్కలు చూసే పని. ఆటిజం ఉంది, ఇంట్లో అందరికీ తెలుసు. పెళ్ళి ఊసెత్తనివ్వడు. ఇలా లాభం లేదని తల్లే విమానమెక్కి హోచిమిన్ సిటీ వెళ్ళి, పెద్ద హోటల్లో కూర్చుని పెళ్ళికూతుళ్ళను చూస్తుంది. వచ్చినవాళ్ళెవరూ ఆవిడకు ఆనరు. ఆ హోటల్లో బాత్రూములు కడిగే పిల్ల ఆనుతుంది. ఎస్మే అని ఆ పిల్ల. "ఒక్క వేసవి మావాడింట్లో ఉండు, చుట్టాల పెళ్ళిళ్ళకు వాడితో కలిసి వెళ్ళు, తర్వాత చూద్దాం" అని బేరం పెడుతుంది తల్లి.

హోచిమిన్ సిటీ ఎక్కడ, తెనాలి ఎక్కడ! అయినా ఆ హోటల్ సీను చదువుతుంటే నాకు మా అత్తయ్య కనబడింది. నేనప్పుడు తెనాలిలో ఒక బట్టల కొట్లో బిల్లులు కొట్టేదాన్ని. ఎవరో చెబితే అత్తయ్య ముందు కొట్టుకే వచ్చిందట, మాకెవరికీ చెప్పకుండా. రెండు జాకెట్ ముక్కలు కొని, చిల్లర లెక్కపెట్టుకుంటున్నట్టు నిలబడి, పావుగంట నన్ను చూసిందట. ఆ పావుగంటలో ఒకావిడ ఉతికిన చీర తిరిగిచ్చి డబ్బులిమ్మని గొడవ పడుతోందట, నేను గొంతు పెంచకుండా అదే మాట ఆరుసార్లు చెప్పానట. "ఒకే మాట ఆరుసార్లు చెప్పగల పిల్ల మావాడికి సరిపోతుందనుకున్నా" అంది అత్తయ్య. ఇదీ పెళ్ళయిన నాలుగేళ్ళకు చెప్పింది. సంబంధం మాట్లాడేటప్పుడు మాత్రం, "మావాడు మితభాషి" అని ఊరుకుంది. మితభాషి అనే మాట ఎంత భారం మోయగలదో నాకు అప్పుడు తెలియదు.

పెళ్ళిచూపుల్లో "అమ్మాయిని ఏమన్నా అడుగుతావా" అంటే, మా ఆయన కొంచెంసేపు ఆలోచించి, "మీ కొట్లో స్టాకు ఎన్నాళ్ళకోసారి లెక్కపెడతారు?" అని అడిగారు. "నెలకోసారి" అన్నాను. "చాలదు" అన్నారు. అంతే పెళ్ళిచూపులు. వాళ్ళు వెళ్ళాక మా అమ్మ కప్పులు తీస్తూ, "కుర్రాడు మంచోడేగానీ అదో టైపులే" అంది.

అదో టైపు. మాకున్న మాట అదొక్కటే. ఇంకా కావాలంటే చాదస్తం, తిక్క, మొద్దు, మొండి. న్యూరోడైవర్జెంట్ అంటున్నారు ఇప్పుడు, మెదడు నడిచే తీరే వేరుగా ఉన్న మనుషుల్ని. ఆటిజం అందులో ఒకటి. నాకా మాట నోరు తిరగడానికే రెండు రోజులు పట్టింది.

మా ఆయన మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్లో పద్దులు చూస్తారు. ఏ రైతువి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చాయి, రకం తేజానా బాడిగా 334నా, రంగు పోయిన తాలుకాయ ఎంత తీశారు, ఎవరి సరుకు ఏ ఏసీ గిడ్డంగిలో పెట్టారు, అన్నీ పుస్తకం తెరవకుండా చెబుతారు. సీజన్లో యార్డులో నిలబడితే మిగతావాళ్ళందరూ తుమ్ముతూ దగ్గుతూ ఉంటారు, ఈయనకు ఘాటు అసలు ఆనదు. కానీ కొట్లో పొద్దున వెలిగించే అగరొత్తి వాసన పడదు. అది ఆరిందాకా బయట అరుగు మీద నిలబడతారు. మిర్చి ఘాటు పడని గుమాస్తా అంటే ఎవరైనా అర్థం చేసుకుంటారు, సాంబ్రాణి అగరొత్తి పడని గుమాస్తాను దేవుడంటే గిట్టనివాడంటారు. అన్నారు కూడా.

మేముండేది బ్రాడీపేట. గుంటూరు తెలియనివాళ్ళకు చెప్పాలి: ఇక్కడ అడ్రసు భిన్నంలా ఉంటుంది. నాలుగు బై పద్నాలుగు అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. అరండల్‌పేటా అంతే. "ఈ ఊళ్ళో తెలివైన పని ఏదన్నా చేశారంటే ఇదొక్కటే" అంటారు మా ఆయన. పెళ్ళయిన కొత్తలో నాకు ఈయన చూపించిన ఊరు ఇదే. సినిమా లేదు, పార్కు లేదు. సాయంత్రం నడుచుకుంటూ ఒక్కో అడ్డరోడ్డు దగ్గరా ఆగి, ఇది ఎన్నోదో చెప్పమనేవారు. నాకు ఏడుపొచ్చేది. ఇప్పుడు రాత్రి కరెంటు పోయినా ఎక్కడున్నానో చెప్పగలను.

శంకర్ విలాస్ దగ్గర పాత ఓవర్‌బ్రిడ్జి మూసేసినప్పుడు మాత్రం ఇల్లు ఇల్లులా లేదు. ప్రతి ఆదివారం పదింటికి పాత గుంటూరులో మేనత్తగారింటికి వెళ్ళడం ఈయనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. దారి మూసేశారు. రెండు ఆదివారాలు అన్నం సరిగ్గా తినలేదు. మూడో ఆదివారానికి కంకరగుంట మీదుగా ఎంతసేపు, మూడు వంతెనల మీదుగా ఎంతసేపు, ఎన్నింటికి బయల్దేరితే ఎంత అని ఒక కాగితం మీద గళ్ళు గీసి ఫ్రిజ్ మీద అంటించారు. పక్కింటివాళ్ళు వచ్చి ఫోటో తీసుకెళ్ళారు. అందరూ మెచ్చుకున్నారు. ఆ రెండు ఆదివారాల సంగతి ఎవరికీ తెలియదు.

సరే, నవల.

నన్ను పట్టుకుని ఆపేసిన చోటు ఒకటుంది. ఖాయ్‌కి ఎవరన్నా పైపైన తాకితే భరించలేడు. గట్టిగా పట్టుకుంటే మాత్రం ఫర్వాలేదు. ఎస్మేకి ఇది తెలియదు. ప్రేమగా, మెత్తగా, సుతారంగా తాకబోతుంది, మనందరం నేర్చుకున్నది అదేగా. అతను బిగుసుకుపోతాడు. ఆమె చిన్నబుచ్చుకుంటుంది.

పుస్తకం బోర్లా పెట్టి ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాను.

అది రాసినావిడ కల్పన కాదని తర్వాత వెతుక్కుంటే తెలిసింది. టెంపుల్ గ్రాండిన్ అని అమెరికాలో పశుశాస్త్రం ప్రొఫెసరు ఉన్నారు, ఆవిడకూ ఆటిజమే. చిన్న వయసులో పిన్నిగారి పశువుల క్షేత్రానికి వెళ్ళినప్పుడు, టీకాలు వేయడానికి పశువుల్ని రెండు పక్కల నుంచీ అదిమిపట్టే చట్రం చూశారట. అందులోకి వెళ్ళగానే కొన్ని పశువులు కుదుటపడటం గమనించి, తన కోసం అలాంటి యంత్రమొకటి చెక్కతో తయారు చేసుకున్నారు. మనిషి తాకితే భరించలేని మనిషి, గట్టిగా అదిమితే నిమ్మళించేది. వేలి కొసతో రాయడం వేరు, అరచేత్తో అదమడం వేరు. కొందరి ఒంటికి ఆ రెండూ రెండు వేరే భాషలు.

మర్నాడు మా ఆయన భోంచేసి, పద్దుల పుస్తకం తీయబోతుండగా అడిగాను.

"ఏవండీ, నేను భుజం మీద చెయ్యి వేస్తే మీరు పక్కకు జరుగుతారే, ఎందుకు?"

"నువ్వు చెయ్యి వెయ్యవు. రాస్తావు. చీమ పాకినట్టుంటుంది."

"మరి గట్టిగా పట్టుకుంటే?"

"బాగుంటుంది."

"7 ఏళ్ళ నుంచీ చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు."

ఈ నాలుగు ముక్కల కోసం నేను ఎన్ని రాత్రులు గోడ వైపు తిరిగి పడుకున్నానో రాయను. లెక్క తప్పుతుంది.

ఆ రాత్రి పెళ్ళి వీడియో తీశాను. పెన్‌డ్రైవ్‌లో ఉంది, టీవీకి పెట్టి పాపా నేనూ చూశాం. తలంబ్రాల ఘట్టం నాకు బాగా గుర్తే. దోసిలి నిండా పోస్తుంటే ఈయన మెడ లోపలికి ముడుచుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, గింజ గింజకూ ఉలిక్కిపడుతూ ఉంటారు. చుట్టూ అందరూ "పెళ్ళికొడుక్కి సిగ్గు" అని ఒకటే నవ్వు. నేనూ నవ్వుతున్నాను అందులో. ఏడేళ్ళుగా చుట్టాలొస్తే పెట్టి చూపించే ముక్క అదే.

కానీ దానికి ముందు జీలకర్రా బెల్లం ఉంది. అది ఎప్పుడూ ముందుకు జరిపేసేవాళ్ళం. ఈసారి జరపలేదు. తెర పట్టుకున్నారు, ముహూర్తం వచ్చింది, సన్నాయీ డోలూ గట్టిమేళం ఎత్తుకున్నాయి. అంత చప్పుడులో ఈయన మామూలుగా అయితే చెవులు మూసుకోవాలి. నా అరచెయ్యి ఈయన నడినెత్తి మీద ఉంది. పంతులుగారు "గట్టిగా అదిమి పట్టుకోమ్మా, జారిపోతుంది" అంటున్నారు. వినబడదు గానీ పెదాలు తెలుస్తున్నాయి. ఈయన కళ్ళు మూసుకుని ఉన్నారు. మొహంలో ఒక్క ముడత లేదు. నిద్రలో పాప మొహం ఉంటుందే, అలా ఉంది.

వెనక్కి జరిపి నాలుగుసార్లు చూశాను. పాప విసుక్కుని వెళ్ళిపోయింది. మా ఆయన గుమ్మంలో నిలబడి, "అప్పుడు నీ చెయ్యి బరువుగా ఉంది. ఇంకాసేపు ఉంచితే బాగుండునని అనుకున్నాను" అన్నారు. ఇంకేం అనలేదు. నా కుట్టు పుస్తకాల హీరోలు ఇంతకన్నా చాలా పెద్ద డైలాగులు చెప్పారు. ఒక్కటీ ఇప్పుడు గుర్తు రావడం లేదు.

నవల మొదలయ్యేది ఒక చావు దగ్గర. ఖాయ్‌కి ప్రాణంలాంటి వరసకు అన్నదమ్ముడు ఒకడు మోటారుసైకిలు ప్రమాదంలో పోతాడు. అంత్యక్రియల్లో అందరూ ఏడుస్తుంటే ఖాయ్‌కి ఏడుపు రాదు. అప్పటి నుంచీ తనది రాతి గుండె, తనకు ప్రేమించడం చేతకాదు అని నమ్ముకుని బతుకుతాడు. పెళ్ళి వద్దనేది అందుకే. పొగరు కాదు, ఎవరినీ మోసం చేయకూడదని.

మా మావయ్యగారు పోయి మూడేళ్ళయింది. శవాన్ని వాకిట్లో పడుకోబెట్టి ఉండగా మా ఆయన లోపల కూర్చుని ఐస్‌బాక్సు వాళ్ళకీ షామియానా వాళ్ళకీ ఇవ్వాల్సిన డబ్బులు కవర్లలో పెట్టి పేర్లు రాస్తున్నారు. కంట తడి లేదు. "కన్నకొడుకు, ఒక్క చుక్క రాల్చలేదమ్మా" అని ఒకావిడ నా చెవిలోనే అంది. నేను కాదనలేదు. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది.

మావయ్యకు బీపీ. రోజూ పొద్దునా సాయంత్రం మిషను పెట్టి చూసి, పొడుగు నోటుపుస్తకంలో రాయడం మా ఆయన పని. పెద్దకర్మ అయ్యాక అలమరా సర్దుతుంటే ఆ పుస్తకం దొరికింది. తెరిచాను. పోయిన రోజు దగ్గర ఆగిపోలేదు. ఆ మర్నాటి తేదీ ఉంది. ఆ తర్వాతది ఉంది. పొద్దున, సాయంత్రం, గళ్ళు గీసి ఉన్నాయి, గళ్ళలో ఏమీ లేదు. ఇదేంటండీ అంటే, "ఏడాది లెక్క మధ్యలో ఆపకూడదు" అన్నారు. రోజూ రాత్రి పడుకునే ముందు తేదీ వేసేవారు. మార్చి 31న ఎర్ర సిరాతో కింద రెండు గీతలు గీసి మూసేశారు.

అప్పుడు నాకది తిక్కలా కనబడింది. ఆ నవల మొదటి పేజీలు చదివాక అదే పుస్తకం మళ్ళీ తీసి చూస్తే ఇంకోలా కనబడింది. పుస్తకం మారలేదుగా, అక్షరం కూడా మారలేదు.

డేమియన్ మిల్టన్ అని బ్రిటన్లో ఒక పరిశోధకుడు, తనకూ ఆటిజమే, 2012లో ఒక వాదన పెట్టాడు. ఆటిజం ఉన్నవాళ్ళకు ఎదుటివాళ్ళ మనసు తెలియదని అందరూ అంటారే, మరి ఎదుటివాళ్ళకు వీళ్ళ మనసు తెలుస్తోందా, తెలియకపోవడం రెండు వైపులా ఉంది కదా అని. అది చదివి నాకు మా వాకిట్లో చెవిలో మాట్లాడినావిడ గుర్తొచ్చింది. నేనూ గుర్తొచ్చాను.

ఇక పుస్తకం మీద నా ఫిర్యాదులు.

ఒకటి, ఖాయ్ మరీ అందగాడు. డబ్బుకు లోటు లేదు, కాలిఫోర్నియాలో సొంత ఇల్లు. ఆటిజం ఉన్న హీరో అనగానే పక్కన మేధావితనమో, కండలో, బ్యాంకు బాలెన్సో పెట్టి తూకం సరిచేస్తారెందుకో! కమీషన్ కొట్లో నెలజీతానికి పద్దులు రాసుకునేవాడి మీద నవల ఎవరు రాస్తారు? బట్టతల మొదలైందని కూడా రాయమన్నారు మా ఆయన, లెక్క ప్రకారం.

ఎస్మే నాకు నచ్చింది. అమెరికా వెళ్ళాక రెస్టారెంటులో పని చేస్తూ, రాత్రి బడికెళ్ళి చదువుకుంటుంది, తనకంటూ కోరికలున్న మనిషి. హీరోని బాగుచేయడానికి పుట్టిన దేవత కాదు. కానీ ఆవిడకు ఊళ్ళో ఒక కూతురుంది, ఆ సంగతి ఖాయ్‌కి చెప్పదు. పేజీలు తిరుగుతుంటాయి, చెప్పదు. మాటలు రాని మనిషి మీద నాకు ఎక్కడా కోపం రాలేదు, మాటలొచ్చి దాచిన ఈవిడ మీద వచ్చింది. అత్తయ్యతో అంటే, "పిల్ల తల్లికి భయం ఉండదా" అంది. అదీ నిజమే.

అత్తయ్యకు కథంతా చెప్పాను గానీ, కొన్ని పేజీలు చెప్పకుండా దాటేశాను. వంటింట్లో అత్తయ్య పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఈనెలు తీస్తూ చెప్పే పేజీలు కావవి. కొంటే మీరే చూసుకోండి, పిల్లలకు అందని చోట పెట్టండి.

ఇంకొకటి. చివరి భాగమంతా ఖాయ్ నోటి నుంచి ప్రేమ అనే మాట వస్తుందా రాదా అన్నదాని మీదే నడుస్తుంది. నాకిది కొంచెం అన్యాయం అనిపించింది. ఇల్లంతా పనులతో చెప్పినవాణ్ణి మళ్ళీ నోటితో పరీక్ష రాయించడమేంటి? అయినా ఐ లవ్యూ అనకపోవడమే లక్షణమైతే మా నాన్నతో మొదలుపెట్టి గుంటూరు జిల్లా మగాళ్ళందరికీ సర్టిఫికెట్లు ఇవ్వాల్సి వస్తుంది.

ఇన్ని ఫిర్యాదులున్నా ఈ పుస్తకాన్ని నా కుట్టు పుస్తకాల పక్కనే పెట్టాను. ఎందుకంటే అవి నాకు నేర్పిన ఒక అబద్ధాన్ని ఇది పట్టిచ్చింది. వాటిలో హీరో అంటే చెప్పకుండానే తెలుసుకునేవాడు. హీరోయిన్ నుదుటి మీద చిన్న ముడత పడితే చాలు, పక్క ఊరి నుంచి కారేసుకుని వచ్చేస్తాడు. చెబితే చేసేది ప్రేమ కాదు, చెప్పకుండా చేస్తేనే ప్రేమ. నేనే కాదు, నా వయసు ఆడవాళ్ళు చాలామంది ఈ లెక్కలోనే మొగుళ్ళకు మార్కులేసి ఫెయిల్ చేశారు. నోరు తెరిచి అడగడం మా దృష్టిలో ఓడిపోవడం. అడిగాక ఇచ్చినదానికి విలువ సగం.

నేను తలనొప్పితో చీకటిగదిలో పడుకుంటే ఈయన వచ్చి లైటు వేసి, కావాల్సిన ఫైలు తీసుకుని, లైటు ఆపకుండా వెళ్ళిపోయేవారు. నేను ఆ వెలుగులో పడుకుని కుమిలిపోయేదాన్ని. అడిగితే, "తలనొప్పి అని చెప్పలేదుగా" అనేవారు. ఇదొక సాకు అనుకునేదాన్ని. సాకులు చెప్పడం ఈయనకు రాదని 7 ఏళ్ళలో నాకు తట్టలేదు.

పుస్తకం అయిపోయిన వారం ఒక సాయంత్రం తలనొప్పి వచ్చింది. ఓడిపోతే పోయాననుకుని చెప్పాను: "నాకు తల పగిలిపోతోంది. లైటు ఆపండి. టీ పెట్టివ్వండి, అల్లం వెయ్యండి. పాపను అరగంట బయటకు తీసుకెళ్ళండి." "సరే" అన్నారు. టీ వచ్చింది. లైటు ఆరింది. తలుపు చప్పుడు కాకుండా మూసుకుంది. కాసేపటికి కిటికీ దగ్గర పాప గొంతు: "నాన్నా, లోపలికెళ్దాం." "ఇంకా రెండు నిమిషాలుంది." ఇద్దరూ మా మెట్ల మీదే కూర్చుని గడియారం చూస్తున్నారు. లోపల నాకు నవ్వాగలేదు, నవ్వితే తల ఇంకా నొప్పి.

హెలెన్ హోయాంగ్‌కీ ఆటిజమే. ఆ సంగతి ఆవిడకు పెద్దయ్యాక తెలిసింది. కూతురి గురించి బడిలో టీచరు అనుమానం చెబితే, దాని మీద చదువుతూ పోతుంటే తనే కనబడిందట అందులో. ఇది మా ఆయనకు చెప్పాను. మూడు రాత్రులు ఫోన్లో ఏవేవో చదివారు. నాలుగో రోజు టిఫిన్ దగ్గర, "కావచ్చు. 70 శాతం" అన్నారు.

డాక్టరు దగ్గరకు వెళ్దామా అంటే, ఇప్పుడు వద్దన్నారు. నేనూ బలవంతం చేయలేదు. మన దేశంలో 2016 వికలాంగుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, ఆటిజం అందులో ఉంది. సర్టిఫికెట్టు ఉంటే బడిలో, పరీక్షల్లో, పింఛనులో ఆసరా దొరికే పిల్లలూ పెద్దలూ ఉన్నారు, వాళ్ళకది కాగితం కాదు, ఊతకర్ర. మా ఆయనకు ప్రస్తుతానికి కావాల్సింది అగరొత్తి లేని కొట్టు. అది ఓనరుగారితో నేనే మాట్లాడాను. "ముందే చెప్పొచ్చుగా" అన్నారాయన. ఇప్పుడు అగరొత్తి ఈయన వచ్చేసరికి ఆరిపోయేలా అరగంట ముందే వెలిగిస్తున్నారు. దేవుడేం ఫిర్యాదు చేసినట్టు లేదు.

ఈ మధ్య మంగళగిరిలో మా చెల్లెలి వరస అమ్మాయి పెళ్ళి. ఈయన పెళ్ళిళ్ళకు వస్తే ఎప్పుడూ ముహూర్తం వేళకు కనబడరు, బయటెక్కడో బళ్ళు పెట్టేచోట నిలబడతారు. ఈసారి లోపలే కూర్చోబెట్టాను, మూడో వరసలో. తెర పట్టుకోగానే మెడ ముడుచుకోవడం మొదలైంది. గట్టిమేళం ఎత్తుకునేలోపు ఈయన మణికట్టు పట్టుకుని, బలమంతా పెట్టి అదిమాను. "ఇంకొంచెం పైకి" అన్నారు. పైకి పట్టుకున్నాను. అక్షింతలు వేసేదాకా అలాగే.

వెనక వరసలో పెద్దావిడ ఊరుకోలేదు. "పెళ్ళి వాళ్ళదా మీదా? చేతులు పట్టుకుని కూర్చున్నారు" అంది.

మా ఆయన వెనక్కి తిరిగి, మర్యాదగా, "చప్పుడు ఎక్కువగా ఉందండీ, అందుకని పట్టుకుంది" అన్నారు.